తొమ్మిదో శుక్రవారం నిమ్మకాయలు

హిందూపురంలో ఒక ఇంటి వంటగది. శుక్రవారం పొద్దున తల్లి తలస్నానం చేసి వచ్చేసరికి కొడుకు గాజు గ్లాసు అంచుకు ఉప్పు అద్దుతున్నాడు.

“గుడికని పెట్టుకున్న నిమ్మకాయలు కోసినావేమిరా?”

“దీపాలకు నువ్వు రసం పిండి పారేస్తావు గదమ్మా. తొక్కలు ఈడనే ఉండాయి, తీసుకో.”

“గ్లాసుకు ఉప్పేంది, ఊరగాయ పెడతాండావా? ఆ సీసా ఏంది?”

“టెకీలా, ఫారిన్ సరుకు. ఇది మందు కాదులేమ్మా. మన చేని గట్టు మీద కిత్తనార లేదా, అట్లాంటి చెట్టుదే. నిమ్మరసం కలిపి, ఉప్పద్దిన గ్లాసులో పోస్తే మార్గరీటా అంటారు. ఫోన్లో చూసి నేర్చుకున్నా.”

“కిత్తనారతో మీ నాయన మేకలకు పగ్గాలు పేనినాడు. నువ్వు తాగుతాండావా? తాగనని నా నెత్తిన చెయ్యి పెట్టి చెప్తివే!”

“బ్రాందీ తాగనంటి. మానేసినా గదా. ఇది వేరే.”

“ఎనిమిది శుక్రవారాలు రాహుకాలంలో అమ్మవారి ముందర దీపాలు పెట్టినా. ఎందుకు? నా కొడుకు తాగుడు మానల్లని! ఈ పొద్దు తొమ్మిదోది, ఆఖరుది. నీకు ఆ కాయలే దొరికినాయా?”

“అంగట్లో వేరేవి తెచ్చిస్తాలేమ్మా.”

“వద్దు. ఈ తొక్కల్లోనే వెలిగిస్తా. నువ్వూ గుడికి రా. ఆ గ్లాసు చేత్తో పట్టుకొని అమ్మవారి ముందర నిలబడు. ఇది మందు కాదని ఆయమ్మకు నువ్వే చెప్పు.”

“ఉండమ్మా, గ్లాసు కడిగేసి వస్తా.”

“కడిగేది లేదు. ఆ సీసాలోది నిండుగా పోసుకొని తీసుకురా.”