చప్పుడు చేయని కారు

ఆ గడి ఖాళీగా వదిలేయండి గురువుగారూ. కారు కొనడానికి వచ్చిన మనిషిని రంగు అడగండి, గేర్లు అడగండి, చెప్తాను. ఇంట్లో ఎంతమంది అని అడుగుతారేంటండీ? కార్లు అమ్ముతున్నారా, జనాభా లెక్కలు రాస్తున్నారా?

రాయక తప్పదా? అయితే మూడని రాయండి. వద్దు, ఆగండి, ఒకటని రాయండి. ఆదివారం పూట ఇద్దరు, మిగతా రోజుల్లో ఒకడు అని రాయడానికి అందులో చోటుందా? లేదు కదా. అందుకే ఖాళీగా వదిలేయమన్నాను.

నన్ను గుర్తుపట్టలేదు మీరు. మీ గుమ్మం ముందు ఆగి ఉన్న ఆ ఎర్ర కారును చూడండి, గుర్తొస్తుంది. రెండే సీట్లు. పదమూడేళ్ళ కిందట దాన్ని నాకు అమ్మింది మీరే. ఇదే బల్ల, ఇదే కుర్చీ. అప్పుడు మీకు జుట్టుండేది, నాకు భార్య ఉండేది.

నవ్వండి, ఫరవాలేదు. నవ్వుతారనే అన్నాను.

మాట్లాడుతున్నంతసేపూ మీ కళ్ళజోడు జారిపోతోంది. ఇలా ఇవ్వండి. నాది కళ్ళద్దాల కొట్టు కదా, జేబులో ఈ చిన్న స్క్రూడ్రైవరు లేకుండా గడప దాటను. ముక్కు దగ్గర మర వదులైంది, అంతే. ఇప్పుడు పెట్టుకోండి. నేను సరిగ్గా కనిపిస్తున్నానా? కనిపిస్తే మరీ దగ్గరగా చూడకండి.

దాన్ని ఎందుకు కొన్నానంటే ఏం చెప్పను. అప్పటికి మా పెద్దదానికి ఐదేళ్ళు. చిన్నది ఇంకా కడుపులో ఉంది. వాళ్ళమ్మ మీ వాకిట్లో కారు చుట్టూ ఒకసారి తిరిగి, పొట్ట మీద చెయ్యి వేసుకుని ఒక్కటే మాటంది. “మరి ఈ బిడ్డ ఎక్కడ కూర్చుంటుంది?”

“నీ ఒళ్ళో” అన్నాను.

“పెద్దది?”

దానికి జవాబు చెప్పకుండా సంతకం పెట్టాను. మీరు కలం అందించారు. మీ తప్పేం లేదు లెండి, కలం అందించడం మీ పని.

తర్వాత మా సంసారం ఎలా సాగిందో తెలుసా? ఏ పెళ్ళికి వెళ్ళినా వాళ్ళు ముగ్గురూ బస్సులో, నేను కారులో. ముందు నేనే చేరేవాణ్ణి. గేటు దగ్గర నిలబడి, వచ్చిన ప్రతివాళ్ళకీ “మావాళ్ళు వెనకాల వస్తున్నారు” అని చెప్పుకునేవాణ్ణి. వాళ్ళు వచ్చేసరికి అక్షింతల వేళ దాటిపోయేది. ఆవిడ చెమట తుడుచుకుంటూ నా పక్కన నిలబడి, ఎవరో అడిగితే, “కారు కదా, త్వరగా వచ్చేశారు” అనేది. ఎంత మెత్తగా అనేదో. ఆ మెత్తదనం నాకు చాలా ఏళ్ళు పొగడ్తలా వినిపించింది.

ఐదేళ్ళు ఓపిక పట్టింది. ఆ తర్వాత పిల్లల్ని తీసుకుని వేరే ఇంటికి వెళ్ళిపోయింది. కారు ఒక్కటే కారణమని నేననను. కానీ నా దగ్గర మిగిలింది మాత్రం కారే.

పిల్లల్ని ప్రతి ఆదివారం తీసుకెళ్ళవచ్చన్నారు. పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు దాకా. ఉన్నది రెండు సీట్లు, అందులో ఒకటి నాది. ఇంకేముంది, ఒక వారం పెద్దది, ఒక వారం చిన్నది. ఎవరికీ అన్యాయం జరగకూడదని గోడ క్యాలెండరు మీద రంగు పెన్సిళ్ళతో గీసుకున్నారు వాళ్ళు. పెద్దదానికి నీలం, చిన్నదానికి ఎరుపు. చూసి ముచ్చటపడ్డాను. పంపకం బాగా కుదిరిందనుకున్నాను. ఏ వారమైనా ఒక పిల్ల మెట్ల మీద మిగిలిపోతుందనే లెక్క నాకు తట్టలేదు.

ఆ కారు గొంతు మీకు తెలుసుగా? అమ్మేటప్పుడు మీరే అన్నారు, “సార్, ఇది వస్తుంటే వీధి చివరికి తెలుస్తుంది” అని. నిజమే. నేను హారన్ కూడా కొట్టక్కర్లేదు. మలుపు తిరిగేసరికే తలుపు తెరుచుకునేది, వంతు ఎవరిదైతే ఆ పిల్ల చెప్పులేసుకుని వచ్చేసేది. ఎనిమిదేళ్ళు, గురువుగారూ. ఎనిమిదేళ్ళలో ఆ ఇంటి ముందు నేను ఒక్కసారి కూడా కారు దిగలేదు. కారు నుంచి తలుపు దాకా ఇరవై అడుగులుంటాయి. చూపుతో చాలాసార్లు కొలిచాను.

ఏడాదిన్నర కిందట ఒక నీలం ఆదివారం చిన్నది బయటికొచ్చింది. “అక్క నన్ను వెళ్ళమంది” అంది. సరే ఎక్కమన్నాను. ఎందుకని అడగలేదు. పై నీలం వారం కూడా చిన్నదే వచ్చింది. ఆ పై నీలం వారమూ అంతే.

చిన్నదాని సంగతి వినండి. అక్క వంతు రోజున వచ్చినప్పుడు బెల్టు పెట్టుకుని ముందే చెప్పేస్తుంది. “నాన్నా, ఇవాళ నేను అక్క బదులు వచ్చాను. అక్కకి ఇష్టమైన చోటికే వెళ్దాం.” సరేనని రైలు వంతెన మీదికి పోతాం. గూడ్సు బండ్లు లెక్కపెట్టడమంటే పెద్దదానికి చిన్నప్పట్నించీ పిచ్చి. ఇది మాత్రం ఇరవై పెట్టెలకే ఆవలిస్తుంది. ఆవలిస్తూనే చివరిదాకా లెక్కపెట్టి, ఇంటికెళ్ళి అక్కకి చెప్పాలని అరచేతిలో రాసుకుంటుంది. అరచేతిలో అంకెలు వేసుకుని ఆ పిల్ల నా పక్కన కూర్చుంటే, గురువుగారూ, రోడ్డు కనిపించదు. కళ్ళద్దాలు అమ్మేవాడికి కూడా.

సరే, అసలు పనికొద్దాం. వచ్చే సోమవారం పెద్దది హాస్టలుకి వెళ్ళిపోతోంది. ఆరు గంటల దారి. మొన్న ఆదివారం చిన్నది ఈ కాగితం నా చేతిలో పెట్టింది. ఎవరికీ చెప్పకుండా బడి స్కేలుతో సామానంతా కొలిచిందట. చదవండి, కళ్ళజోడు ఇప్పుడు జారదుగా.

ట్రంకు పెట్టె, మూడున్నర స్కేళ్ళు. పరుపు చుట్ట, నా నడుం దాకా. పుస్తకాల అట్టపెట్టెలు రెండు. టేబుల్ ఫ్యాను ఒకటి, రెక్క విరిగింది. ఇక్కడ చూడండి, అక్కని కూడా కొలిచింది. అక్క, ఐదు స్కేళ్ళూ నాలుగు వేళ్ళు. ఆ కింద చివరి వరుస మీరే చదువుకోండి. నేను చదవను.

‘నేను ఎక్కడైనా సర్దుకుంటాను.’

అదీ సంగతి. అందుకే టేపు పట్టుకొచ్చాను. మీరు ఆ ఎత్తు కారు చూపించినప్పుడు డిక్కీలో తల పెట్టి కొలిచింది ఇందుకే, మీ మీద నమ్మకం లేక కాదు. చూడ్డానికి అది ఏనుగంత ఉంది, వెనక మాత్రం ట్రంకు పెట్టె అడ్డంగా పట్టదు. ఊరికే ఎత్తు, గొప్పింటి వియ్యంకుడిలాగా. ఈ బూడిదరంగు పొడుగు కారు నయం. స్టేషన్ వాగనంటారా దీన్ని? పైకప్పు చివరిదాకా ఒకే తీరుగా పోయింది, రైలుపెట్టెలాగా. టేపు లెక్కన ట్రంకు పట్టింది, పరుపు పట్టింది, ఫ్యానుకి కూడా చోటుంది. సామానంతా పెట్టాక కూడా వెనక సీటు సీటులాగే ఉంది. ఎవరూ సర్దుకోనక్కర్లేదు.

రోజంతా జనం కళ్ళ ముందు అద్దాలు మారుస్తూ, ‘ఇది బాగుందా, అది బాగుందా’ అని అడిగి అడిగి నా నోరు పడిపోయింది. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. ఇవాళ మీరడిగారు. ఇది బాగుంది.

ఒకసారి నడిపి చూస్తాను, తాళం ఇవ్వండి. మీరు కూడా రండి. ముందు కాదండీ, వెనక కూర్చోండి. ఏమనుకోకండి, నాకు ఈ అద్దంలో ఒక ముఖం కనిపించాలి. పదమూడేళ్ళుగా నా అద్దంలో లారీలు తప్ప ఏమీ కనిపించలేదు. మీరేం మాట్లాడక్కర్లేదు. అలా కూర్చుంటే చాలు. కొంచెం కుడివైపు జరగండి. ఆఁ, అక్కడ. పెద్దది అక్కడ కూర్చుంటుంది.

ఇంజను ఆన్ అయిందా? ఏమీ వినిపించదేం? మంచిదేనంటారా. ఏమో.

మా నాన్న బడిపంతులు. ఏం చెప్పినా కథ పెట్టి చెప్పేవాడు. ఎర్ర కారు ఇంటికి తెచ్చిన రోజు దాని చుట్టూ తిరిగి, అరుగు మీద కూర్చుని కథ చెప్పాడు. ఒక పడవవాడు ఉండేవాడట. సన్నటి పడవ, బాణంలా పోయేది. తనతోపాటు ఒక్కరికే చోటు. అతనికి ఇద్దరు పిల్లలు. అవతలి ఒడ్డుకు ఒకణ్ణి దింపి రెండోవాడి కోసం వచ్చేవాడట. రోజూ అంతే, ఎప్పుడు చూసినా ఒకడు ఒడ్డున నిలబడి ఉండేవాడు. ఒకరోజు పడవవాడు తిరిగొచ్చి చూస్తే ఒడ్డు మీద ఎవరూ లేరట. నీళ్ళలో పడ్డాడేమోనని తెడ్డుతో ఒడ్డు పొడుగునా వెతికాడట. కానీ పడలేదు. ఎదురుచూసి ఎదురుచూసి, చుట్టుదారిన నడిచి వెళ్ళిపోయాడట. “అప్పుడు పడవవాడు ఏం చేశాడు నాన్నా?” అని అడిగాను. “ముందు నీ బండికి దుమ్ము తుడుచుకో” అన్నాడు.

ఇటు కాదంటారా? తెలుసండీ. మీ షోరూముకి ఎడమవైపు తిరగాలి. నేను కావాలనే కుడివైపు తిప్పాను. పది నిమిషాలు పడుతుంది, మీ మేనేజరు ఏమైనా అంటే నా పేరు చెప్పండి.

ఒక మాట చెప్తాను, అద్దంలో నన్ను చూడకండి. చోటు లేకపోవడం అబద్ధం.

అదే, కారులో చోటు లేని మాట నిజమే. కానీ అది కారణం కాదు. ఒక ఆదివారం ఇద్దరూ చెప్పులేసుకుని బయటికొచ్చారు. పెద్దదానికి పన్నెండేళ్ళు, చిన్నదానికి ఏడు. పెద్దది కిటికీలోకి వంగి, “నాన్నా, మేమిద్దరం ఒక్క సీట్లో పడతాం. వంటింటి కుర్చీలో కూర్చుని వారం నుంచీ అలవాటు చేసుకున్నాం” అంది. చిన్నది వెనక నుంచి, “నేను ఊపిరి బిగబడతా” అంది.

నేను పోలీసులు పట్టుకుంటారన్నాను. బెల్టు ఒకటే ఉందన్నాను. రెండూ నిజాలే. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టు. బస్సు లేదా ఊళ్ళో? వాళ్ళమ్మ ఐదేళ్ళు వాళ్ళని ఎక్కించుకుని తిరిగిన బస్సే కదా. పోనీ కాళ్ళు లేవా నాకు? పార్కు దాకా ముగ్గురం నడవలేమా?

భయమండీ. ఒక్క పిల్లయితే నా ముఖం చూసి ఊరుకుంటుంది. ఐస్‌క్రీమ్ తింటుంది, రైళ్ళు చూస్తుంది, ఇంటికి పోతుంది. ఇద్దరుంటే ఒకళ్ళకొకళ్ళు ధైర్యం. ఎవరో ఒకరు మొదలుపెడతారు. నాన్నా, అమ్మ ఎందుకు వెళ్ళిపోయింది, నువ్వు ఆపలేదా అని అడుగుతారు. ఆపలేదు. ఆవిడ సామాను సర్దుకుంటుంటే నేను కిందికి దిగి కారు కడుగుతున్నాను. ఆ మాట ఇద్దరు పిల్లల ముందు ఒకేసారి ఎలా చెప్పను? అందుకని రెండు సీట్ల వెనక దాక్కున్నాను. సీట్లు చిన్నవే, కానీ బాగానే దాచాయి.

పెద్దది మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. కుర్చీలో అలవాటు చేసుకున్న పిల్ల ఏమైనా అలవాటు చేసుకోగలదు.

ఇదే వీధి. నెమ్మదిగా పోనిస్తాను. ఆ ఆకుపచ్చ తలుపు కనిపిస్తోందా, మూడు మెట్లు, అదే ఇల్లు. ఈ వేళకి ముగ్గురూ లోపలే ఉంటారు.

ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను, మీ దగ్గర దాపరికం ఎందుకు. సోమవారం సామాను తీసుకెళ్ళమని నన్నెవరూ అడగలేదు. వ్యాను మాట్లాడేశారు. డ్రైవరు పక్కన ఎవరు కూర్చోవాలో, వెనక ఎవరు కూర్చోవాలో అంతా అనుకున్నారట. చిన్నది కాగితం ఇచ్చింది కానీ, అక్క ఒప్పుకుందని చెప్పలేదు. నేనూ అడగలేదు. టేపు కొనుక్కుని మీ దగ్గరికొచ్చాను.

ఆపాను. చూడండి, తలుపు తెరుచుకోలేదు. కిటికీ తెర కూడా కదల్లేదు.

వాళ్ళ తప్పు కాదండీ. ఇది వచ్చినట్టు ఎవరికి తెలుస్తుంది? ఇంజను ఆపేశానో లేదో నాకే తెలియడం లేదు. హారనా? వద్దు. అంత చేశాక ఇంకా హారన్ కూడానా.

మీరు కూర్చోండి గురువుగారూ. అక్కడే, కుడివైపు. ఈ తలుపు గొళ్ళెం ఎక్కడుంది, కిందా? నాకు దీన్ని దిగడం ఇంకా రాదు.

ఇరవై అడుగులే. తలుపు కొట్టాక మొదట ఏమనాలంటారు? చోటుందనా?

చెప్పకండి. మీకేం తెలుసు పాపం. పాత కారైతే ఈపాటికి అదే అరిచి చెప్పేసేది, నేను దిగక్కర్లేకుండా.