బెల్లం దంచని ఇల్లు

రజాకార్ల గడబిడ ముగిసి పదేళ్లయింది. లక్సెట్టిపేటలో పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ, వితంతువైన వదిన పొయ్యి ముందు కూర్చున్నారు. కుండలో బెల్లం రాయిలా బిగుసుకుపోయింది.

“రోకలి ఇయ్యి వదినె, రెండు దెబ్బలేస్తె పలుగుతది.”

“వద్దు. పళ్లెంల వేసి ఉడికే అన్నం మీద పెట్టు. ఆవిరికి మెత్తవడతది. మిగిలింది తడిబట్టల చుట్టి పెడ్త, మల్ల గట్టివడదు.”

“గింత తిప్పలెందుకు?”

“గా దినం నేను బెల్లం దంచుతున్న. రజాకార్లు ఎంటవడితే మీ అన్న ఉరికొచ్చి పెరటి తలుపు కొట్టిండట. రోకలి సప్పుడుల నాకు ఇనవడలే. తలుపు కాడనే కాల్చిండ్రు.”

“వదినె...”

“అప్పటి సంది రోకలి ముట్టలే. ఇనవడితే తియ్యకపోదునా? నువ్వే చెప్పు.”

“తీస్తుంటివి.”

“నువ్వన్న లేచి తీస్తుంటివి, కని గా దినం జరమొచ్చి లోపలర్రల నిద్రవోయినవు.”

ఆడబిడ్డ బెల్లం పళ్లెంలో వేసి అన్నం మీద పెట్టింది.

“నిద్రవోలే వదినె. నాకు ఇనవడ్డది. నా పేరు పెట్టి మూడుసార్లు పిలిచిండు. భయమై దుప్పటి కప్పుకున్న.”