గుండె ఎత్తున కట్టిన గెడ

ఇంటి వెనక బండి షెడ్డు, అందులో దుప్పటి కప్పిన పొట్టి ఎర్ర కారు. తండ్రి స్టూలు మీద కూర్చుని పొడవాటి గెడకి ఎర్ర రంగు వేస్తున్నాడు. పశువుల డాక్టరైన కూతురు పని నుంచి నేరుగా వచ్చి గుమ్మంలో నిలబడింది.

"కుదరదన్నానుగా అమ్మడూ. ఎన్నిసార్లు అడిగినా అదే మాట."

"ఒక్కసారి వింటే నీ సొమ్మేం పోయింది నాన్నా?"

"వారం నుంచీ వింటూనే ఉన్నా. ఈ గెడ కింద దూరిన బండే రేపు మా జట్టు పరుగులో కొండెక్కుతుంది. దూరనిది గేటు బయట నిలబడి చప్పట్లు కొడుతుంది. ఇవాళ పెట్టిన రూలా ఇది?"

"పెట్టింది నువ్వే కదా. నువ్వే మార్చు."

"నేను పెట్టాను కాబట్టే మార్చను."

"ఇదెక్కడి న్యాయం?"

"న్యాయం కాదు, రుచి. మలుపుల్లో తోలే బండి నేలకి అంటుకున్నట్టుండాలి. మనం కూర్చునే చోటుకీ రోడ్డుకీ మధ్య జానెడుండాలి. నువ్వు కొన్న జీపేంటి? ఎత్తుపీట. ఎత్తుపీటెక్కి పరుగు పెడతానంటావు."

"ఆ ఎత్తుపీట మీ వాళ్ళ బండ్లలో సగం వాటిని వెనక్కి నెడుతుంది. అందుకే భయం."

"భయమా? ఎవరికే భయం?"

"నీకు కాదులే. మీ వాళ్ళకీ కాదు. పళ్ళ డాక్టరు గారిని అడిగాను, రమ్మన్నారు."

"ఆయనా! అందరి నోళ్ళూ తెరిపించి తెరిపించి తన నోరు మూసుకోవడం మర్చిపోయాడు."

"గడియారాల షాపు బాబాయి కూడా సరేనన్నాడు. పెద్దాయన గెడ ఎత్తితే మాకేం ఇబ్బంది లేదన్నారు ఇద్దరూ."

"చూశావా? తెలివిగా నా నెత్తిన పెట్టారు. ఆ చిన్న కుంచె ఇటియ్యి."

"ఇవ్వను. ముందు చెప్పు. నా బండిలో తప్పేంటో ఒక్కటి చెప్పు."

"ఒక్కటా! మొదటిది బరువు. రెండోది ఎత్తు. ఎత్తున్న బండి మలుపులో ఒరుగుతుంది. ఒరగకూడదని స్ప్రింగులు బిగిస్తారు. బిగిస్తే గతుకుల్లో నడుం విరుగుతుంది. ఒక తప్పు కప్పడానికి ఇంకో తప్పు. అదే ఇంజన్ కింది బండిలో పెట్టి చూడు, గాల్లో తేలిపోతుంది."

"ఆ కింది బండి నా పనికొస్తుందా? నిన్న వాగు పక్క పాకలో ఆవు ఈనలేక అవస్థ పడుతుంటే ఎలా వెళ్ళాననుకున్నావ్? దారంతా తలకాయంత రాళ్ళు. నీ ఎర్రది అయితే మొదటి రాయికే పొట్ట గీరుకుని కూర్చునేది."

"దూడ బతికిందా?"

"బతికింది. లేచి నిలబడి నా చొక్కా కూడా నమిలింది. మాట మార్చకు."

"అది పని. ఇది పరుగు. పనికి ఒక బండి, పరుగుకి ఒక బండి."

"రెండు బండ్లు పెట్టుకునే వాళ్ళకే బండి మీద ఇష్టం ఉంటుందా? నాకున్నది ఒక్కటే. ఆరు రోజులు బురదలో తిరుగుతుంది. ఏడో రోజు కడిగి కొండెక్కిస్తా. అదే ఇంజను, అవే చక్రాలు. నీ ఎర్రదాన్ని ఏడాదికోసారి దుప్పటి తీసి తుడుస్తావు. ఇద్దరిలో బండిని ఎక్కువ ప్రేమించేదెవరు?"

"నోరు బాగా పెరిగింది."

"నీ దగ్గర పెరిగిందే."

"ప్రేమించేదానివైతే గేరు మార్చేటప్పుడు అలా కుదుపుతావా? వీధి మలుపు నుంచే వినిపిస్తోంది. క్లచ్ సగమే తొక్కుతున్నావు. నేను నేర్పిందదేనా?"

"కాలు సరిగ్గా పడట్లేదు."

"ఎందుకు పడదు? ఇదివరకు బాగానే తోలేదానివి."

"ఏదోలే. పడట్లేదు. వదిలెయ్."

"పైగా ఆ బండికి రెండో గేర్లో ఓ క్షణం ఊపిరి ఆగుతుంది. ఆగి, తర్వాత ఒక్క తన్ను తంతుంది. ఆ తన్ను ఎప్పుడొస్తుందో తెలిసి కాలు వెయ్యాలి. మూడో మలుపు ముందు బ్రేకు మీద ఒక్క వేలంత ఎక్కువ నొక్కితే వెనక తేలికైపోయి..."

"నీకెలా తెలుసు?"

"ఏంటి?"

"ఊపిరి ఆగుతుందనీ, తంతుందనీ, వెనక తేలికవుతుందనీ."

"శబ్దం వింటే తెలీదా? నేనెన్ని ఇంజన్లు విప్పాను! వింటే చాలు."

"కొండ మీది మూడో మలుపు మన గుమ్మంలోకి వినిపిస్తుందా నాన్నా?"

"కుంచె ఇటియ్యమన్నానా?"

"ఇదిగో తీసుకో."

"ఏవండీ! వేడినీళ్ళు పెట్టాను, వచ్చి మోకాళ్ళకి కాపడం పెట్టుకోండి. పొద్దున్నే ఆ చల్లగాలిలో తిరగొద్దంటే వినరు గదా..."

"వస్తున్నానే! లోపలికి పో!"

"అమ్మ ఏమంటోంది? పొద్దున్నే ఎక్కడ తిరిగావు నాన్నా?"

"నడకకి వెళ్ళా."

"నడకకా? మెట్లు దిగడానికి నా భుజం పట్టుకుంటావు."

"మెట్లు వేరు, నేల వేరు. నా కాళ్ళ సంగతి నీకెందుకు? పశువుల డాక్టరువి, పశువుల్ని చూసుకో."

"సరే, కాళ్ళు వద్దు. ఎర్రది ఎందుకు తియ్యట్లేదో చెప్పు."

"బ్యాటరీ పోయింది."

"కొత్తది నేనే తెచ్చి పెట్టాను."

"సీట్లో పిల్లి పిల్లల్ని పెట్టింది. పాపం, వాటిని లేపకూడదు."

"ఆ పిల్లలు పెద్దవై, గోడ దూకి, ఎదురింటి వాళ్ళ పాలు కూడా తాగేస్తున్నాయి."

"టైర్లలో గాలి లేదు."

"నాన్నా."

"ఏంటే?"

"ఎర్రదాంట్లోకి దిగగలవు. దిగితే లేవలేవు. పోయినసారి గడియారాల బాబాయి ఒక చెయ్యీ, పళ్ళ డాక్టరు ఒక చెయ్యీ పట్టుకుని లాగారు. ఆ రోజు నుంచే నువ్వు గేటు దగ్గర నిలబడి గెడ పట్టుకుంటున్నావు."

"ఎవరో ఒకరు పట్టుకోవద్దూ?"

"బాబాయి కూడా తోలడం మానేశాడు. నడుం వంగట్లేదట, టైము చూస్తా చాలంటున్నాడు. వచ్చే ఏటికి ఇంకెవరు మానేస్తారో! మీరంతా వరసగా గేటు పక్కన నిలబడి, ఖాళీ రోడ్డుకి గెడ పట్టుకుంటారా?"

"నువ్వు మరీ హద్దు దాటుతున్నావు అమ్మడూ."

"నన్నెందుకు ఆపుతున్నావో తెలియక కాదు. ఎత్తుపీట కొండెక్కిందంటే, నువ్వింతకాలం అందరికీ చెప్పిన మాట పోతుంది. అదే కదా?"

"మాట ఊరికే పోదు. నేను నమ్మింది, నేను తోలి తెలుసుకున్నది, అంతా పోతుంది."

"ఏదీ పోదు. కింది బండే బాగుంటుంది, నేనూ ఒప్పుకుంటా. ఎర్రదాన్ని నువ్వు తోలుతుంటే పక్క సీట్లో కూర్చుని నేనెలా అరిచేదాన్నో మర్చిపోయావా? నాదే గొప్పదని అంటే నా నోటి మీద కొట్టు. నాది కూడా కొండెక్కుతుందంటున్నా, అంతే."

"అది ఎక్కితే ఇక రూలెందుకు?"

"అసలు ఈ గెడ ఇంతే ఎత్తు ఎందుకు కట్టావు?"

"నా గుండె ఎత్తు. మొదటి రోజు కొలకర్ర లేదు. నిటారుగా నిలబడి, ఇక్కడికి అని చెయ్యి పెట్టా. కట్టేశారు. అప్పటి నుంచీ అదే కొలత."

"అయితే లే."

"ఎందుకు?"

"లేచి నిలబడు. రూలు ప్రకారం నీ గుండె ఎత్తు కదా, మళ్ళీ కొలుద్దాం."

"తిక్క వేషాలెయ్యకు."

"మోకాళ్ళు వంగి నువ్వు నాలుగు వేళ్ళు కిందికి దిగావు నాన్నా. నీ గుండె కూడా దిగింది. రూలంటే రూలే అయితే ఈ గెడ ఇంకా దించాలి. దించితే నీ ఎర్రది కూడా దూరదు."

"ఓసి నీ..."

"నవ్వుతున్నావా?"

"నవ్వట్లేదు. రంగు వాసనకి ముక్కు మండుతోంది."

"నవ్వుతున్నావు."

"నవ్వితే గెడ లేస్తుందనుకోకు. ఒప్పుకోకపోతే ఏం చేస్తావ్?"

"వస్తా. రేపు పొద్దున్నే గేటు దగ్గరికొస్తా. నువ్వు గెడ పట్టుకుని నిలబడతావు కదా, నీ ఎదురుగా బండి ఆపి హారన్ కొడుతూనే ఉంటా. నువ్వు దించిన కొద్దీ కొడతా. నీ తర్వాత ఎవరు నిలబడితే వాళ్ళకీ కొడతా. కింది బండ్లన్నీ నా వెనక ఆగిపోతాయి. పోవాలంటే నా మీదుగా పోవాలి."

"నాతోనే పంతమా?"

"నీతో కాకపోతే ఎవరితో పడతాను? ఇంకెవరికీ నా పంతం అర్థం కాదు."

"రంగు ఆరనీ."

"ఆరితే?"

"ఆ గూట్లో సుద్దముక్కుంటుంది, పట్రా. నీ భుజం కూడా ఇటు పట్రా. మెల్లగా. లాగకు, నేనే లేస్తా... ఆఁ. గోడకి ఆనుకుంటా, ఉండు."

"గుండె దగ్గర గీయనా?"

"గుండె దగ్గర కాదు. గడ్డం కింద గియ్యి."

"నాన్నా!"

"కళ్ళనీళ్ళు పెట్టుకుంటే చెరిపేస్తా. వంకర లేకుండా గియ్యి. ఇక నుంచీ గెడ గడ్డం ఎత్తు. ఎవరైనా అడిగితే, ఆయన తల ఇంకా నిటారుగానే ఉంది కాబట్టి అక్కడ కట్టాడని చెప్పు."

"చెప్తా. అందరికీ చెప్తా."

"ఆగు, నా షరతు వినలేదు నువ్వు."

"ఏం షరతైనా సరే."

"రేపు మొదటి పరుగు నాది. నీ ఎత్తుపీటలో. అది కొండకి ఎందుకు పనికిరాదో తోలి మరీ చూపిస్తా వాళ్ళకి."

"చూపించు. నేను గేటు దగ్గర గెడ పట్టుకుంటా."

"అలవాటు లేని బండి. పొద్దున్నే ఓసారి సీటు నా కాళ్ళకి సరిపడా వెనక్కి జరిపి పెట్టు."

"జరపక్కర్లేదు నాన్నా. ఇవాళ తెల్లారకముందు కొండెక్కి వచ్చి నువ్వెక్కడ వదిలేశావో అక్కడే ఉంది. నేను ముందుకి జరిపితే, నాకు తెలిసిపోయిందని నువ్వు సిగ్గుపడి మానేస్తావేమోనని, ఇన్నాళ్ళూ నేనే కాలివేళ్ళతో క్లచ్ అందుకుంటున్నా."