పరాయి మోకాళ్ల పరామర్శ

కాసేపు కూర్చోరా బాబూ! పొద్దుట్నుంచీ ఈ లాకర్ రూమ్‌లో ఎంతమందిని పలకరించావు? ఒకడి మోకాలు ఎలా ఉందన్నావు, ఇంకొకడి కడుపు కుదుటపడిందా అన్నావు. ఆ ఫ్రెంచివాడు తుమ్మితే నీ మొహం వెలిగిపోయింది! నేను చూళ్లేదనుకున్నావా?

తెలుసులే. నిన్న ఈ టెన్నిస్ టోర్నీ క్వాలిఫయింగ్ ఆఖరి రౌండ్లో ఓడిపోయావు. లక్కీ లూజర్ల వరసలో నీ పేరే ముందుంది. మ్యాచ్‌కి ముందే ఎవడైనా తప్పుకుంటే వాడి చోటు నీది. వాడు కోర్టులో దిగి ఒక్క పాయింటు ఆడి కూలబడ్డాడా, నీకు ఏమీ లేదు. అందుకేగా బ్రోడీ, నువ్వు డాక్టరుగారిలా కోర్టు కంచె పట్టుకుని అందరి నడకా పరీక్షిస్తున్నావు?

నోరు మూసుకుని నవ్వు, ఈగలు దూరతాయి. ఈ ట్రారాల్గన్ ఊళ్లో వాటికి లోపలా బయటా ఒకటే.

మనం దిగిన ఇంటి నోలీన్ ఆంటీ అడిగింది, 'వాడు టోస్ట్ కూడా ముట్టలేదేం?' అని. 'ఎవడో ఒకడు జారిపడాలని ఉపవాసం ఉన్నాడాంటీ' అన్నాను.

సరేగానీ, ఇంతమందిని అడిగావు కదా, నన్నెందుకు అడగలేదు? ఒకే గదిలో పడుకుంటాం. మొహమాటమా? అడిగినా అబద్ధమే చెప్పేవాణ్ణిలే.

ఇందాక వార్మప్‌లో సర్వ్ కొడుతుంటే పిక్కలో ఫట్‌మంది. ఫిజియో నొక్కి చూసింది. నడవొచ్చట, పరిగెత్తకూడదట. మనదేమన్నా నడుస్తూ ఆడే ఆటా?

అలా చూడకు. లెక్కలు నాకూ వచ్చు. నిరుడు ఇక్కడ సెమీస్ ఆడి తెచ్చుకున్న పాయింట్లు ఈ వారంతో రాలిపోతాయి. ర్యాంకుల్లో రెండొందల ముప్పైలో ఉన్నవాణ్ణి రెండొందల అరవైకి జారతాను. జనవరిలో మెల్‌బోర్న్ గ్రాండ్‌స్లామ్ క్వాలిఫయింగ్ ఇక నాకు లేనట్టే.

కుంటుతూనైనా దిగుదామనుకున్నాను. ఏమో, అవతలివాడికే ఏదైనా అవుతుందేమో! చూశావా, నీ జబ్బే నాకూ అంటుకుంది. నేను దిగితే నీకు దారి మూసుకుపోతుందని తెలిసే, టాయిలెట్లో కూర్చుని చాలాసేపు ఆలోచించాను.

ఇప్పుడే టోర్నీ సూపర్‌వైజర్‌తో చెప్పొచ్చాను. తప్పుకున్నాను. లే, నీ పేరు పిలుస్తారు. మూడో కోర్టు, ఆ ఎడమచేతి చిలీవాడు. వాడి సర్వ్ నీ బ్యాక్‌హ్యాండ్‌కి అందకుండా బయటికి పారిపోతుంది, కాస్త ఎడమకి జరిగి నిలబడు.

ఏయ్, వాటేసుకోకు, చెమట కంపు! థాంక్సూ వద్దు. నువ్వు గెలవాలని మనసారా కోరుకుంటున్నాననుకుంటున్నావేమో. లేదురా. మొదటి సెట్ గెలువు, చప్పట్లు కొడతాను. మ్యాచ్ సంగతి మాత్రం నన్నడక్కు... ఇంకా అంత మంచివాణ్ణి కాలేదు.

పో.