బూటులో పట్టే కత్తి

మంగళవారం ఉదయం తొమ్మిదిన్నరకు అమెరికాలో మోంటానాలోని ఓ కత్తుల దుకాణానికి పశువులు పెంచే ముసలాయన వచ్చి, బూటులో పట్టే చిన్న కత్తి కావాలన్నాడు.

“నీకు మడతకత్తి ఉందిగా, పెద్దాయనా?” అంది దుకాణం ఆమె.

“దూడకి తాడేస్తుంటే నా చెయ్యే చిక్కుకుందమ్మాయ్. ఒంటిచేత్తో అది తెరుచుకోలేదు.”

“మీ ఆవిడ పక్కనుండి కోసేదిగా?”

“మార్చిలో చనిపోయింది.”

“మాకెవరికీ చెప్పలేదే!”

“అప్పట్నుంచీ ఊళ్లోకి రాలేదు.”

ఆమె ఒరతో సహా ఒక కత్తిని అతని ఎడమ బూటులో బిగించింది.

“దూడ లాగి పడేస్తే? కింద పడుకుని తీసి చూపించు. నిలబడి ఎవరైనా తీస్తారు.”

పడుకున్నాడు. మూడోసారికి కత్తి చేతికొచ్చింది.

“లే, చెయ్యివ్వనా?”

“వద్దు. అక్కడ దూడల దగ్గర ఎవరిస్తారు?”

బల్లకోడు పట్టుకుని లేచాడు. రెండు నిమిషాలు పట్టింది.