ఆలస్యానికి కారణం

ఆసుపత్రికి కొత్త కంప్యూటర్ వ్యవస్థ తయారుచేయబోయే ఇంజనీర్లు, పని మొదలుపెట్టే ముందు ప్రతి వార్డుకీ ఒక ప్రశ్నల కాగితం పంపారు. హెడ్ నర్సు నింపి తెచ్చిన కాగితం చదివి సూపరింటెండెంటు కళ్లజోడు తీశాడు.

"ఇదేంటి సిస్టర్? రోగుల్ని ఇంటికి పంపడంలో ఆలస్యానికి కారణం అన్నచోట 'సూపరింటెండెంటు గారి సంతకం' అని రాశారు?"

"తొమ్మిదింటికల్లా డాక్టరు గారు ఇక వెళ్లచ్చంటారు సార్. వాళ్ల డిశ్చార్జి కాగితాలన్నీ సంతకానికి మీ బల్ల మీదకొస్తాయి. మీరు మీటింగుల నుంచి వచ్చేసరికి మూడవుతుంది."

"పాత కంప్యూటర్లు నత్తనడక నడుస్తున్నాయని రాయమన్నాను కదా. మిగతా వార్డులన్నీ అలాగే రాశాయి."

"వాళ్లకి మీరంటే భయం సార్. నాకేమో మంచం ఎప్పుడు ఖాళీ అవుతుందని వరండాలో కూర్చున్న వాళ్ల మొహం చూడాలంటే భయం."

"అయితే ఏంటి, నేను చూడకుండానే పంపించేస్తారా?"

"రోగిని చూసిన డాక్టరు సంతకం చాలదా సార్? మొన్న ఒక కాగితం తలకిందులుగా పెడితే మీరు అలాగే సంతకం చేసేశారు."

"మీకు నోరు బాగా పెరిగింది. అది కొట్టేసి మళ్లీ రాయండి."

"రాయను సార్. అసలు సంగతి దాచిపెడితే, ఆ కొత్త కంప్యూటరు కూడా వచ్చి మీ గుమ్మం బయటే నిలబడుతుంది."

"బదిలీ చేయించమంటారా?"

"చేయించండి సార్. దానికీ మీ సంతకమే కావాలిగా. మూడింటిదాకా వార్డులోనే ఉంటాను."