దండె కింది నంబరు

తార్నాకలో దానయ్య వడ్రంగి కొట్టు. 1968. శుక్రవారం సాయంత్రం.

"రాయ."

"అన్నా, ఒక్క మాట విను."

"రాయ అన్నగద ఓబులేసూ. ఆరు అక్షరాలు కాదు, అర అక్షరం గూడ రాయ."

"ఆరు ఇంగ్లీషు అక్షరాలే కదన్నా! నేనే పెన్సిల్‌తో గీసిస్తా. నువ్వు దాని మీద నల్లరంగు పూసేది. అంతే పని."

"పని నాకు జెప్తున్నవా? కట్టె కోసింది నేను. రందా పట్టింది నేను. గరుకు కాయితంతోని రుద్ది రుద్ది గోర్లు అరిగింది నాయి. నెత్తి మీద పేరు మాత్రం అమెరికోనిదా?"

"కంపెనీ పేరన్నా అది. ఫెండర్ అని లేకుంటే ఇది గిటారే కాదు."

"మరేంది? చపాతీల పీటనా?"

"చూసేదానికి అట్లనే ఉంది. అందుకే చెప్తాండా, పీటకు ఒక పక్కనే కొమ్ముండే ఈ ఒంటికొమ్ముది నాకొద్దు. ఆ రెండు కొమ్ములది ఇయ్యి."

"గిది ఇంకో లొల్లి. నువ్వు దెచ్చిన రంగు బొమ్మల కాయితంల ఎన్నున్నయి? ఒకదాని పేరు చిరుతపులి అంటివి, ఒకటి అడివి గుర్రం అంటివి. నీకు గిటారు గావాల్నా, జూ పార్కు గావాల్నా?"

"కంపెనీకి నేనే ఉత్తరం రాస్తే పంపించినారన్నా ఆ కాయితం. ఏడాదిగా దిండు కింద పెట్టుకొని పండుకుంటాండా. కండ్లు మూసుకొని చెప్తా, దేనికెన్ని మీటలుండాయో."

"కండ్లు మూసుకొని అన్ని చెప్తవు. కండ్లు తెరిచి ఏది గావాల్నో చెప్పవు. అందుకే పీటలు రెండు కోసిన. తీగలు సాగే దండె ఒక్కటే జేసిన, జిట్రేగి కట్టెతోని. దాన్ని ఈ ఒంటికొమ్ము దానికి బిగిస్తే మంచిగ కూసున్నది. పీట గూడ ఉత్త కట్టె కాదు, లాలాగూడ రైల్వే వర్క్‌షాపు వేలంల దొరికిన టేకు. ఫస్టు క్లాసు బెర్తుది. ఎంతమంది దొరలు పండుకున్నరో దీని మీద."

"పండుకున్న లెక్క నాకెందుకన్నా? ఆ దండె ఇప్పి రెండు కొమ్ముల దానికి బిగియ్యి. నాలుగు స్క్రూలే కదా."

"ఇప్ప."

"ఎందుకు?"

"ఇప్ప అంటే ఇప్ప. రెండు కొమ్ములది నీకు అచ్చిరాదు."

"అచ్యుత్‌కు అచ్చొచ్చింది కదా!"

"ఏ అచ్యుతు?"

"మా బ్యాండు పెట్టిండేది వాడేనన్నా. మారేడ్‌పల్లి వాడు, స్కూటర్ మీద వస్తాడు. వానికి ఫెండర్ ఉంది. వాళ్ళ మామ లండన్ నుంచి ఓడలో పంపించినాడంట. ఎర్రది, రెండు కొమ్ములది."

"ఓడల."

"ఓడలోనే."

"ఏ ఓడల?"

"ఓడ పేరు నాకేం తెలుసన్నా?"

"ఊకె అడిగిన. ఎసొంటి ఎరుపు?"

"మన దేశంలో దొరకదు ఆ ఎరుపు."

"దొరకదా! గేట్లకేసే రంగు లెక్క ఉంటదా?"

"ఛీ, గేటేంది? దానిమ్మ గింజలున్నట్ల ఉంటాది."

"దానిమ్మ గింజలు... సరే. మంచిగ మోగుతదా గది?"

"అబ్బా! ఏం చెప్పాలన్నా? హాస్టల్ హాల్లో మైకు సెట్టుకు తగిలిచ్చి ఒక్క తీగ మీటితే, గుడి గంట కొట్టినట్ల మోగి, మోగి... మెస్సులో పప్పన్నం తింటాండే వాళ్ళు లేసి వచ్చినారు."

"లేసొచ్చిన్రా?"

"చేతులు గూడా కడుక్కోలే."

"చేతులు గూడ! ఇంకోపారి చెప్పు."

"ఏంది?"

"గదే, గంట అన్నవ్ గద."

"నీకెందుకన్నా వాని గంట? అది ఫారిన్ కట్టె. ఆ నాదం మన టేకుకు యాడ వస్తాది?"

"ఏమన్నవ్?"

"కోపమెందుకు, ఉన్నమాట చెప్పినా."

"ఫారిన్ కట్టె! అవ్ బిడ్డా, నిజమే. మన చేతులల్ల ఏముంటది? ముప్పై ఏండ్ల సంది మీ క్యాంపస్ బంగ్లాలకు తలుపులు బిగిస్తున్న. తలుపు మంచిగున్నదని కంట్రాక్టరు భుజం తట్టుతరు. తలుపు బిర్రయితే మాత్రం దానయ్యను పిలువుండ్రి అంటరు. నువ్వు గూడ గంతే. అమెరికోని పేరు రాయాలె, నా చేత రాపియ్యాలె."

"ఒక్కసారి రాయన్నా, ఏమైతాది?"

"ఒకపారి రాసిన. చాలు."

"రాసినావా? ఎవరికి?"

"ఎవ్వరికి లేదు. జరుగు, ఎల్తురుకు అడ్డమొస్తున్నవ్."

"అన్నా, నీ కోపం సోమవారం చూపియ్యి, పడతా. నాకు ఆదివారం ఉంది ముందు."

"ఏమున్నది ఆదివారం?"

"ఏం లేదు."

"ఏం లేకుంటెనే గిన్ని చెమటలా?"

"ఉక్కగా ఉంది."

"ఓబులేసూ."

"... నా దగ్గర ఫెండర్ ఉందని చెప్పినాను."

"ఎవరికి?"

"అందరికీ."

"ఎప్పుడు?"

"రెణ్ణెల్లయింది. అచ్యుత్ అడిగినాడు, 'నీకు ఏ గిటారుంది?' అని. వాళ్ళంతా నా హవాయి చెప్పుల తట్టు చూసి, నవ్వేదానికి రెడీగా ఉన్నారు. నోరు అనేసింది, 'ఫెండర్, మా ఊర్లో ఉంది' అని."

"మీ ఊరేది?"

"కదిరి పక్కన."

"కదిరి పక్కన పెండర్లు పండుతయా?"

"శెనక్కాయలు పండుతాయి."

"నమ్మిన్రా మరి?"

"నమ్మి బ్యాండులో చేర్చుకున్నారు. పాత డబ్బా గిటారు మీదనే రెణ్ణెల్లు నెట్టుకొచ్చినా. మొన్న సామేలు, డ్రమ్ములు కొడతాడే, వాడొక మాట చెప్పినాడు. అసలైన ఫెండర్‌కు దండె కింద, అది పీటలో దిగే చోట, తయారైన తేదీ రాసి ఉంటాదంట, నంబరు మాదిరి. అచ్యుత్ లేసి, 'అయితే ఆదివారం రెండూ ఇప్పి చూద్దాం' అన్నాడు. అంతా నా తట్టు చూసినారు."

"నువ్వేమన్నవ్?"

"'ఇప్పరా చూద్దాం' అన్నా."

"శభాష్!"

"సామేలు బోర్డు మీద కాగితం గూడా అంటించినాడు. లేడీస్ హాస్టల్ వాళ్ళు గూడా వస్తారంట."

"నంబరు లేకుంటే ఏమైతది?"

"బ్యాండు పోతాది. పోతే పోనీలే... కాదన్నా, పోతే నేను తట్టుకోలేను. ఆ హాస్టల్లో నన్ను పేరు పెట్టి పిలిచేది ఆ నలుగురే. మిగిలినోళ్ళందరికీ నేను 'ఏయ్ కదిరి'. అందుకే అడుగుతాండా. పైన పేరు, లోపల నంబరు. కాళ్ళు పట్టుకుంటా."

"కాళ్ళిడువు. కాళ్ళ కాడ ఉలి ఉన్నది, తెగుతది."

"తెగనీ. నువ్వు సరే అనే దాకా... అన్నా! ఆ స్కూటర్!"

"ఏ స్కూటర్?"

"అచ్యుత్ స్కూటర్! నాకు తెలుసు ఆ శబ్దం! ఈ సందులోకి ఎందుకొచ్చినాడు? నన్ను వెంబడించినాడు! ఈ పీటను చూసినాడంటే నా పని అయిపోయినట్టే!"

"దాన్ని రంపపుపొట్టుల దోపు. నువ్వు గా బీరువల జొర్రు. దబ్బున!"

"తలుపు మూయన్నా!"

"మూస్త. ఎనకకు ఒరగకు, వార్నిషు పచ్చిగున్నది."

"ఒరిగేసినా!"

"నోరు మూస్కో."

"దానయ్యా! ఉన్నావా? ఒక్కడివేనా?"

"రా అచ్యుతు బాబూ. ఏడాదికి యాదికొచ్చినమా?"

"ఎవరితోనో మాట్లాడుతున్నట్టు వినిపించింది?"

"బీరువతోని మాట్లాడుతున్న. మనుషులకన్న అదే మంచిగ వింటది."

"జోకులకు టైం లేదు. పెద్ద చిక్కొచ్చి పడింది. నువ్వు చేసిచ్చిన నా గిటారు..."

"మెల్లగ."

"ఎందుకు? ఎవరున్నారిక్కడ? పోయినేడాది నువ్వు చేసిచ్చిన నా ఫెండర్‌ని ఆదివారం ఇప్పుతారు! ... ఏంటా చప్పుడు?"

"కొత్త కట్టె. ఇచ్చుకుంటది. ఇప్పమని ఎవరన్నరు?"

"నేనే."

"నువ్వేనా?"

"భయపెడదామని అన్నాను. ఓబులేసని ఒకడున్నాడు, కదిరి నుంచి. వాడి దగ్గర అసలైన ఫెండరుంది. ఇప్పుదామంటే తగ్గుతాడనుకున్నా. వాడు కన్ను కూడా ఆర్పకుండా 'ఇప్పరా చూద్దాం' అన్నాడు. నకిలీది పెట్టుకున్నవాడు అట్లా అంటాడా?"

"అనడు. ఎట్లంటడు?"

"అదే మరి! వాడి వేళ్ళు నువ్వు చూడలేదు దానయ్యా. డబ్బా గిటారు మీదే మా అందరి నోళ్ళూ మూయించాడు. ఇంక వాడి చేతిలో ఫెండర్ పడితే నావైపు చూసేదెవరు? బ్యాండు పెట్టింది నేను, మైకు సెట్టు తెచ్చేది నేను. వినేది మాత్రం వాణ్ణి."

"తీసేయరాదు మరి?"

"వాణ్ణి తీసేస్తే బ్యాండెక్కడుంది?"

"గా మాట జర గట్టిగ చెప్పు."

"ఎందుకు?"

"చెవి సరిగ్గ వినొస్తలేదు."

"వాడు లేకపోతే బ్యాండు లేదు! చాలా? ఆ మాట వాడి ముందు చచ్చినా అననులే."

"అనకు, అనకు. లండన్ల మీ మామను ఒక అసలు గిటారు పంపమనరాదు?"

"మామ విజయవాడలో ఉన్నాడు."

"ఓడ?"

"ఏ ఓడ? నీ కొట్టు నుంచి రిక్షాలో పట్టుకెళ్ళింది నువ్వు చూడలేదా? దానయ్యా, నీకు దండం పెడతా. లోపల ఒక నంబరు చెక్కు."

"ఏం నంబరు?"

"నాకేం తెలుసు? నేనెప్పుడైనా అసలుది చూసి ఏడ్చానా?"

"అబద్ధాలకోరోడా!"

"అమ్మో! ఎవరది?"

"చెప్పిన గద, బీరువ."

"బీరువా కాదు, కదిరి!"

"ఓబులేసూ! నువ్వా? నీ వీపంతా వార్నిషేంట్రా?"

"నీ మొహానికి లేదా వార్నిషు? లండన్ అంటివి! ఓడ అంటివి! నేను ఊర్లో అందరికీ ఓడ బొమ్మ గీసి చూపిస్తిని కదరా!"

"నువ్విక్కడ ఏం చేస్తున్నావు? నీ ఫెండరుండగా నీకు వడ్రంగితో పనేంటి?"

"... ఏం లేదు."

"ఆ రంపపు పొట్టులో నుంచి బయటికొచ్చిందేంటది? ఆగు. ఆగు. అదీ ఇక్కడిదేనా?"

"ఫస్టు క్లాసు బెర్తుది."

"రెణ్ణెల్లుగా నాకు నిద్ర లేదురా, నీ ఫెండర్ వల్ల!"

"నాకు మాత్రం ఉందా, నీ ఫెండర్ వల్ల? నవ్వుతాండావేంది?"

"నువ్వు నవ్వట్లేదా?"

"వార్నిషు చక్కిలిగింత పెడతాంది. అచ్యుతా, ఇందాక ఏమన్నావు? నేను లేకుంటే బ్యాండు..."

"నేనేమీ అనలేదు."

"గట్టిగా అన్నావు. రెండుసార్లు."

"ఆ బీరువాలో గాలి ఆడక ఏదో విన్నావులే."

"అన్నా, నీకు మొదటి నుంచి తెలుసు! మంచిగ మోగుతదా, మంచిగ మోగుతదా అని అందుకేనా అడిగింది?"

"నాకు ఇంకెవడు జెప్తడు? ఎవ్వరికి చెప్పకని ఒట్టేపిచ్చుకొని పట్కపోయిండు గీయిన. మోగిందా, పలిగిందా, పొయ్యిల పెట్టిండా, ఏడాది సంది ఒక్క మాట లేదు. నా నోటికి తాళమేసి పాయె. పప్పన్నం కాడికెల్లి మంది లేసొచ్చిన్రని నువ్వు చెప్తెనే ఎర్కైంది."

"తప్పైంది దానయ్యా. వచ్చి చెప్పాల్సింది."

"ఫారిన్ కట్టె అన్న నా నోట్లో మన్ను పొయ్యన్నా."

"పొయ్య. వాయించనీకి పనికొచ్చే నోరు కాదు గాని, చేతులు మంచియి. బతుకు."

"అయితే ఇప్పుడంతా సులువే. ఓబులేసూ, మనిద్దరం ఒక మాట మీద ఉంటే చాలు. స్క్రూలు ఇప్పేవాణ్ణి పట్టుకుందాం. కట్టె దెబ్బతినకుండా ఇప్పడానికి ఎవరో పనివాణ్ణి పిలిచాడట సామేలు. ఎవరో తెలిస్తే..."

"నేనే."

"ఏంటి?"

"పొద్దుగాల్ల వచ్చి చెప్పిపోయిండు. ఆదివారం నాలుగింటికి, ఆర్ట్స్ కాలేజి మెట్ల కాడ. స్క్రూడ్రైవరు దెచ్చుకొమ్మన్నడు."

"బతికిపోయాం!"

"అన్నా! ఇంత మంచి మాట ఇంతసేపు కడుపులో పెట్టుకొని నన్ను బీరువాలో కూరినావా?"

"దానయ్యా, నీకు పెద్ద పనేం లేదు. దండె ఇప్పు, లోపలికి చూడు, అందరికీ వినపడేట్టు 'నంబరుంది, అసలుదే' అను. మళ్ళీ బిగించెయ్. రెండింటికీ అంతే."

"లేని నంబరు నేను చదువ."

"చదవద్దు, ఉత్తగా అను."

"గంతమందిల అబద్ధమాడ. దండె కింద ఏముంటే గదే చదువుత."

"దండె కింద ఏముంటాదన్నా, ఉత్త కట్టె."

"ఉత్త కట్టె కాదు. ఈయన దాని మీద నిరుడు చెక్కిన. నీ దాని మీద నిన్న చెక్కిన. నీ ముందట ఇప్పనన్నది గందుకే."

"చెక్కినావా? ఏం చెక్కినావన్నా?"

"దానయ్యా, నా దాని మీద కూడానా? ఏడాదిగా నేను దాన్ని మోస్తూ తిరుగుతున్నానా?"

"మూడో తరగతిల బడి ఇడిసిన బిడ్డా. నాకు రాసుడొచ్చింది రెండు మాటలు, చదువుడొచ్చింది గవే రెండు. ఆదివారం గన్ని మెట్ల మీద నిలబడి, లేడీస్ హాస్టల్ దాక వినపడేటట్టు చదువుత. 'దానయ్య, తార్నాక.'"